పిల్లల్లో విశ్వాసం, మంచి గుణం పెంచే క్రైస్తవ పుస్తకాలు: ఎంచుకోవడం నుంచి కలిసి చదవడం దాకా

తన సైనికుడు ఊరియా భార్యను తీసుకుని, అతన్ని యుద్ధంలో చంపించిన దావీదు రాజు దగ్గరికి వచ్చిన నాతాను ప్రవక్త "నువ్వు పాపం చేశావు" అని మొదలుపెట్టలేదు. ఒక కథ చెప్పాడు. ఒక ఊళ్లో ఒక ధనవంతుడు, ఒక పేదవాడు. పేదవాడికి ఉన్నదల్లా ఒక్క ఆడ గొర్రెపిల్ల. అది అతని పిల్లలతో పాటే పెరిగింది, అతని తిండిలోనే తిన్నది, అతని కౌగిట్లో పడుకున్నది. ధనవంతుడి ఇంటికి ఎవరో వచ్చారు. అతను తన మందలో ఒక్కదాన్నీ ముట్టుకోలేదు, ఆ గొర్రెపిల్లను పట్టుకుపోయి వండించాడు. వింటున్న దావీదుకు ఒళ్లు మండిపోయింది, వాడు చావాల్సిందే అన్నాడు. అప్పుడు నాతాను అన్నాడు: "ఆ మనుష్యుడవు నీవే."

రెండో సమూయేలు 12వ అధ్యాయంలోని ఈ కథను ఒకసారి సండే స్కూల్లో పదేళ్ల పిల్లలకు చదివి వినిపించాను. చివరి మాట దగ్గర గదిలో చప్పుడు లేదు. కాసేపటికి ఒక పాప మెల్లగా అడిగింది: "టీచర్, రాజుకి నాతాను మీద కోపం రాలేదా?" ఆ రోజు కోసం నేను రాసుకొచ్చిన పాఠం పుస్తకంలోనే ఉండిపోయింది. తప్పు ఎత్తిచూపిన వాళ్ల మీద మనకు కోపం ఎందుకు వస్తుందో మిగతా అరగంటా మాట్లాడుకున్నాం. వాళ్లే మాట్లాడారు, నేను విన్నాను.

పిల్లలకు క్రైస్తవ పుస్తకాలు ఎంచుకునేటప్పుడు నేను ఇప్పటికీ ఈ కథనే కొలతగా పెట్టుకుంటాను. మంచి పుస్తకం ముందు కథలోకి లాగుతుంది, పాఠం తర్వాత దానంతట అదే లోపల పనిచేస్తుంది. పాఠం కోసమే కథ కట్టిన పుస్తకాన్ని పిల్లలు రెండో పేజీలోనే పసిగట్టేస్తారు.

1. ముందు పిల్లవాడిని చూడండి, తర్వాత పుస్తకాన్ని

చాలామంది "పదేళ్ల బాబుకి ఏ పుస్తకం మంచిది?" అని అడుగుతారు. వయసు తెలిస్తే సగమే తెలిసినట్టు. ఆ బాబు ఈ మధ్య దేని గురించి టెన్షన్ పడుతున్నాడు? స్నేహితుడితో గొడవ పడ్డాడా? ఇంట్లో ఎవరైనా చనిపోయారా? అబద్ధం చెప్పి దొరికిపోయి, ఇక తనను ఎవరూ నమ్మరని అనుకుంటున్నాడా? రాత్రిపూట చీకటంటే భయమా?

ఒక కాగితం మీద ఆ పిల్లవాడి గురించి మూడు ముక్కలు రాయండి: వాడికి ఇష్టమైనది, వాడిని భయపెట్టేది, ఈ నెలలో వాడు అడిగిన ఒక ప్రశ్న. ఆ కాగితం చేతిలో పెట్టుకుని పుస్తకాలు చూస్తే ఎంపిక చాలా తేలికవుతుంది. జంతువులంటే ప్రాణమిచ్చే పాపకు నోవహు ఓడ దగ్గర మొదలుపెట్టొచ్చు. ఎప్పుడూ పరుగెత్తే కుర్రాడికి ఒక క్రీడాకారుడి జీవిత కథ ఇవ్వొచ్చు.

2. మీరు చదవకుండా ఇవ్వకండి

పుస్తకం మొత్తం చదివే తీరిక అందరికీ ఉండదు. కనీసం మూడు చోట్ల చదవండి: మొదటి పేజీలు, కథలో ఎవరైనా తప్పు చేసిన చోటు, చివరి పేజీలు. నన్నడిగితే ఆ మధ్య చోటే అన్నిటికన్నా ముఖ్యం.

తప్పు చేసిన పిల్లవాడిని రచయిత ఎలా చూస్తున్నాడో గమనించండి. శిక్ష పడింది, బుద్ధి వచ్చింది, కథ అయిపోయింది అంటే ఆ పుస్తకంలో సువార్త లేదు. దేవుడు పైనుంచి తప్పులు లెక్కపెట్టే పోలీసులా కనిపించే పుస్తకం పిల్లల్లో విశ్వాసం పెంచదు, భయం పెంచుతుంది. అలాంటివి చదివిన పిల్లలు తప్పు చేయడం మానరు, దాచడం నేర్చుకుంటారు. తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి ఏం చేశాడు? కొడుకు ఇంకా దూరంగా ఉండగానే చూసి, కనికరపడి, పరుగెత్తుకెళ్లి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు. కొడుకు సిద్ధం చేసుకొచ్చిన క్షమాపణ మాటలు పూర్తి కాకముందే మంచి బట్టలు తెమ్మన్నాడు. పుస్తకంలో ఆ తండ్రి వాసన తగలాలి.

"నువ్వు మంచిగా ఉంటే దేవుడు నిన్ను ప్రేమిస్తాడు" అనే మాట ఏ రూపంలో ఉన్నా నేను ఆ పుస్తకాన్ని పక్కన పెడతాను. దేవుడు ముందే ప్రేమించాడు కాబట్టి మంచిగా ఉండాలనిపిస్తుంది, వరుస అదీ. ఈ వరుస తలకిందులైతే మిగతాదంతా ఎంత అందంగా రాసినా పిల్లల మీద మోయలేని బరువు పడుతుంది.

"ప్రార్థన చేశాడు, పరీక్షలో ఫస్టు వచ్చాడు" అనే కథల విషయంలోనూ జాగ్రత్త పడండి. ప్రార్థన చేసి తప్పిన పిల్లవాడు ఆ పుస్తకం చదివితే ఏమనుకోవాలి? దీనికి విరుగుడుగా నాకు చాలా ఇష్టమైన కథ ఏమీ కార్మైకేల్ చిన్నతనం. 1867లో ఐర్లండ్‌లో పుట్టిన ఈ పాపవి గోధుమరంగు కళ్లు. అమ్మకున్నట్టు నీలికళ్లు కావాలని ఒక రాత్రి ప్రార్థన చేసి పడుకుంది. పొద్దున్నే లేచి అద్దంలో చూసుకుంటే అవే గోధుమరంగు కళ్లు. పెద్దయ్యాక ఆమె దక్షిణ భారతదేశంలోని దోనావూరుకు వచ్చి, ఆపదలో ఉన్న పిల్లలకు అమ్మ అయింది. అక్కడివాళ్లలో కలిసిపోవడానికి ఆ గోధుమరంగు కళ్లే పనికొచ్చాయని తర్వాత ఆమెకు అర్థమైంది. దేవుడు "వద్దు" అన్నా అది జవాబేనని ఏడేళ్ల పిల్లకు ఇంతకన్నా బాగా చెప్పడం నాకు చేతకాదు.

3. వయసుకు తగ్గ బరువు

నాజీల కాలంలో యూదులను తమ ఇంట్లో దాచిన కొర్రీ టెన్ బూమ్ తన చిన్ననాటి సంగతి ఒకటి రాసింది. నాన్నతో రైల్లో వెళ్తూ, తన వయసుకు మించిన ఒక ప్రశ్న అడిగింది. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. గడియారాలు, విడిభాగాలు నిండిన తన పెట్టెను కింద పెట్టి, దాన్ని మోసుకుని దిగమన్నాడు. ఎత్తబోయింది, కదల్లేదు. "చాలా బరువుగా ఉంది నాన్నా" అంది. కొన్ని సంగతులూ అంతే, నువ్వు మోయగలిగేదాకా అవి నేనే మోస్తాను అన్నది ఆయన జవాబు.

పుస్తకాల విషయంలోనూ ఆ పెట్టెను గుర్తుపెట్టుకుంటే చాలు. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బొమ్మల బైబిలు కథలు, పేజీకి రెండు మూడు వాక్యాలు. దేవుడు చేశాడు, దేవుడు చూశాడు, యేసు దగ్గరికి పిలిచాడు అంటే సరిపోతుంది. ఏడు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు అధ్యాయాలుగా సాగే కథలు, చిన్న జీవిత చరిత్రలు ఇవ్వండి. పది నుంచి పన్నెండు మధ్య పిల్లలు న్యాయం గురించి తెగ ఆలోచిస్తారు, "ఇది న్యాయమా?" అని అడుగుతారు. సాహస కథలు, ఊహాలోకపు కథలు, త్యాగాల కథలు వాళ్లకు సరిగ్గా సరిపోతాయి. పదమూడు దాటినవాళ్లకు సందేహాలను దాచని పుస్తకాలు కావాలి. వాటి గురించి కిందికి వెళ్లాక చెబుతాను.

ఈ లెక్కలు గీసిన గీతలేం కావు. ఎనిమిదేళ్లకే పెద్ద పుస్తకం మింగేసే పిల్లలుంటారు, పద్నాలుగేళ్లకు కూడా బొమ్మల పుస్తకం హాయిగా చదువుకునేవాళ్లుంటారు. రెండోవాళ్లను చిన్నబుచ్చకండి.

4. బైబిలును మధ్యలో పెట్టండి

ఎంత మంచి పుస్తకమైనా వాక్యం దగ్గరికి తీసుకెళ్లే దారి మాత్రమే. కానీ బైబిలును పిల్లల చేతికి ఇచ్చి "ఆదికాండం నుంచి చదువు" అంటే, చాలామంది నిర్గమకాండం సగంలో, గుడారపు కొలతల దగ్గర ఆగిపోతారు.

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, నాలుగు సువార్తల్లో చిన్నది, కథ పరుగెడుతుంది. రోజుకు సగం అధ్యాయం చొప్పున నెల రోజుల్లో అయిపోతుంది. తర్వాత ఆదికాండంలో యోసేపు కథ (37వ అధ్యాయం నుంచి), రూతు, యోనా, లూకాలోని ఉపమానాలు. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి కాబట్టి తేదీని బట్టి రోజుకొకటి చదివే పద్ధతి చాలా ఇళ్లలో ఉంది. పన్నెండేళ్లు దాటినవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. అధ్యాయమంతా గుర్తుండాలని పట్టుబట్టకుండా, నచ్చిన ఒక్క వచనాన్ని ఎత్తి రాసుకోమనండి.

పాత అనువాదంలోని గ్రాంథిక భాష పిల్లలకు అడ్డుపడుతుంటే వాడుక భాషలోని అనువాదం చదివించండి. కంఠత వాక్యం మాత్రం సంఘంలో వినిపించే పాత మాటల్లోనే నేర్పిస్తే, రేపు ఆరాధనలో అది చెవిన పడినప్పుడు పాత స్నేహితుడు కనిపించినట్టు ఉంటుంది.

దావీదు గొల్యాతు కథ చెప్పి "నువ్వూ దావీదులా ధైర్యంగా ఉండు" అని ముగించడం మనందరికీ అలవాటు. కానీ అదే దావీదు తర్వాత ఏం చేశాడో నాతాను కథలో చూశాం. బైబిల్లో యేసు తప్ప మచ్చలేని వీరుడు లేడు. శిష్యుడైన పేతురు యేసును మూడుసార్లు ఎరుగనన్నాడు, అప్పుడు కోడి కూసింది. ఆ పేతురునే యేసు మళ్లీ పిలిచాడు. పిల్లలకు పేతురు ఏడ్చిన రాత్రి గురించి కూడా చెప్పండి.

5. గట్టిగా చదివి వినిపించండి

పిల్లలకు సొంతంగా చదవడం వచ్చిన రోజే మనం చదివి వినిపించడం మానేస్తాం. అక్కడే పొరపాటు చేస్తున్నాం. పన్నెండేళ్ల పిల్లలు కూడా వినడానికి ఇష్టపడతారు, అడగరంతే. రోజుకు పదిహేను నిమిషాలు, ఒకే వేళ, ఫోన్ మరో గదిలో పెట్టి కూర్చోండి. ఆసక్తిగా ఉన్నచోటే ఆపేయండి, రేపు వాళ్లే పుస్తకం పట్టుకొస్తారు. గొంతులు మార్చి నటించాల్సిన పనిలేదు, నెమ్మదిగా చదివితే చాలు. మీకు గొంతు పట్టేసిన చోట దాచుకోకండి. అమ్మా నాన్నా ఒక పేజీ దగ్గర కళ్లు తుడుచుకోవడం చూసిన పిల్లలు ఆ పేజీని మరిచిపోరు.

6. ఒక్క ప్రశ్న అడిగి, ఊరుకోండి

సి. ఎస్. లూయిస్ రాసిన నార్నియా కథల్లో 1950లో వచ్చిన మొదటి పుస్తకంలో ఒక సన్నివేశం ఉంది. ఎడ్మండ్ అనే కుర్రాడు తన అన్నను, అక్కచెల్లెళ్లను మంత్రగత్తెకు పట్టిస్తాడు. తర్వాత అతన్ని విడిపించి తెచ్చినప్పుడు, సింహరాజు అస్లాన్ పొద్దున్నే అతన్ని పక్కకు తీసుకెళ్లి ఏదో మాట్లాడతాడు. ఏం మాట్లాడాడో రచయిత చెప్పడు. అది ఎవరూ వినలేదు, ఎడ్మండ్ మాత్రం ఎన్నడూ మరిచిపోలేదు అని మాత్రమే రాస్తాడు. ఆ తర్వాత అస్లాన్ మిగతావాళ్లతో, జరిగిపోయినదాని గురించి అతనితో మాట్లాడాల్సిన పని లేదంటాడు.

అంత పెద్ద తప్పు తర్వాత ఒక్క పేరా ఉపన్యాసం కూడా లేదు. చదివించే పెద్దలకు ఇంతకన్నా మంచి పాఠం నాకెక్కడా దొరకలేదు.

కాబట్టి అధ్యాయం అయ్యాక "దీన్నుంచి ఏం నేర్చుకున్నావు?" అని అడగకండి. ఆ ప్రశ్నకు పిల్లలు మనకు నచ్చే జవాబు వెతికి చెబుతారు. "నువ్వైతే ఏం చేసేవాడివి?", "ఇక్కడ నీకు ఎవరి మీద జాలి కలిగింది?", "ఈ కథలో నీకు అస్సలు నచ్చనిది ఏది?" ఇలాంటివి రోజుకొకటి అడగండి. అడిగాక మాట్లాడకుండా ఉండటమే కష్టం. పది సెకన్ల మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. ఆ మౌనంలోనే వాళ్లు ఆలోచిస్తారు, తొందరపడి మీరే జవాబు చెప్పేయకండి. జవాబు రాకపోయినా ఫరవాలేదు. రెండు రోజులయ్యాక, ఎక్కడికో నడిచి వెళ్తున్నప్పుడు, "ఆ ఎడ్మండ్..." అని వాళ్లే ఎత్తుతారు.

ఊహాలోకపు కథలంటే కొందరు తల్లిదండ్రులకు భయం: మంత్రగత్తెలు, మాట్లాడే జంతువులు ఏమిటని. ఆ భయాన్ని కొట్టిపారేయను, మీరు చదివి చూసి నిర్ణయించుకోండి. 1955లో ఒక తల్లి లూయిస్‌కు ఉత్తరం రాసింది, తన చిన్న కొడుకు యేసు కన్నా అస్లాన్‌నే ఎక్కువ ప్రేమిస్తున్నానని దిగులుపడుతున్నాడని. అస్లాన్‌లో ఆ బాబు ప్రేమిస్తున్న మాటలు, పనులు అన్నీ యేసు చేసినవే, చెప్పినవే కాబట్టి నిజానికి వాడు యేసునే ప్రేమిస్తున్నాడని ఆయన జవాబిచ్చాడు. పిల్లల దిగులును ఆయన ఎంత గౌరవంగా తీసుకున్నాడో చూడండి.

7. జీవిత చరిత్రలు: మచ్చలు తుడిచేయనివి ఎంచుకోండి

విశ్వాసుల జీవితాలు పిల్లల గుణాన్ని దిద్దినంతగా నీతి పాఠాలు దిద్దలేవు. కానీ వాటిని పిల్లల కోసం రాసేటప్పుడు చాలామంది నున్నగా చెక్కేస్తారు.

స్కాట్లండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ కథే చూడండి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల తొలి పరుగు ఆదివారం పడిందని ఆ పోటీ వదులుకున్నాడు, 400 మీటర్లలో 47.6 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. ఆఖరి నిమిషంలో నిర్ణయం తీసుకున్నట్టు చెబితే కథ రంజుగా ఉంటుంది. నిజానికి పోటీల తేదీలు నెలల ముందే తెలిశాయి, ఆ నెలలన్నీ అతను 400 మీటర్ల కోసం సాధన చేశాడు. పిల్లలకు ఈ నిజమే ఎక్కువ పనికొస్తుంది. "వద్దు" అనడానికి ఒక్క క్షణపు ధైర్యం చాలు, ఆ తర్వాత రోజూ మైదానానికి వెళ్లడానికి ఓపిక కావాలి. పతకం దగ్గర ఆగిపోయే పుస్తకం కూడా వద్దు. అతను చైనాకు మిషనరీగా వెళ్లాడు, యుద్ధకాలంలో అక్కడి నిర్బంధ శిబిరంలో పిల్లలకు పాఠాలు చెప్పాడు, ఆటలు ఆడించాడు, 1945 ఫిబ్రవరిలో అక్కడే చనిపోయాడు.

"అమేజింగ్ గ్రేస్" పాట రాసిన ఓడ నావికుడు జాన్ న్యూటన్ కథను "సముద్రంలో తుఫాను వచ్చింది, మారిపోయాడు" అని ఒక్క పేజీలో ముగిస్తుంటారు. తుఫాను 1748లో వచ్చింది. ఆ తర్వాత కూడా 1754 దాకా అతను బానిసలను మోసే ఓడల్లోనే పనిచేశాడు. ఆ వ్యాపారాన్ని ఖండిస్తూ చిన్న పుస్తకం రాసింది 1788లో. దేవుడు మనిషిని మార్చడానికి ఇన్నేళ్లు పడుతుందా అని పదమూడేళ్ల కుర్రాడు అడిగితే, ఆ ప్రశ్న అడిగినందుకు ముందు మెచ్చుకోండి.

ఇంగ్లండ్ నుంచి బెంగాలుకు మిషనరీగా వచ్చిన విలియం కేరీ చెప్పులు కుట్టే పని నుంచి వచ్చినవాడు. 1812లో సేరంపూర్ అచ్చుకూటం కాలిపోయి ఏళ్ల తరబడి చేసిన రాతప్రతులు బూడిదయ్యాయి. మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది. ఇది చెబుతూనే, ఆయన భార్య డొరొతీ కొడుకును పోగొట్టుకుని, మనసు చెదిరి ఎంత బాధపడిందో కూడా పెద్దపిల్లలకు చెప్పాలి. దేవుని పని చేసేవారి ఇళ్లలోనూ కన్నీళ్లుంటాయని పిల్లలకు తెలియడం మంచిది.

8. సందేహాలు మొదలయ్యే వయసు

పద్నాలుగు, పదిహేనేళ్ల వాళ్లు "దేవుడు నిజంగా వింటున్నాడా?" అని అడిగితే ఇంట్లో అందరికీ గుండె జారుతుంది. వెంటనే వాదనల పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాలనిపిస్తుంది. కాస్త ఆగండి. చాలాసార్లు ఆ ప్రశ్న వెనక ఒక గాయం ఉంటుంది. ముందు దాన్ని కనుక్కోండి.

ఈ వయసు వాళ్లతో 88వ కీర్తన చదవండి. అది చీకటి మాటతోనే ముగుస్తుంది, వెలుగు రాదు. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడని తెలిసినప్పుడు పిల్లల ముఖంలో కనిపించే తేలికదనం నేను చూశాను.

1678లో వచ్చిన జాన్ బన్యన్ "యాత్రికుని ప్రయాణం" కూడా ఈ వయసుకే. మొత్తం బరువనిపిస్తే సందేహపు కోట ఘట్టం ఒక్కటి చదవండి. నిరాశ అనే రాక్షసుడు ఇద్దరు యాత్రికులను చెరలో వేసి బుధవారం పొద్దుటి నుంచి శనివారం రాత్రి దాకా ఉంచుతాడు, కొడతాడు, చచ్చిపొమ్మని సలహా ఇస్తాడు. ఇద్దరూ ప్రార్థన చేస్తుండగా, తెల్లవారే ముందు క్రైస్తవుడికి గుర్తొస్తుంది: వాగ్దానం అనే తాళంచెవి ఇన్నాళ్లూ తన గుండె దగ్గరే ఉంది. ఇది రాసిన బన్యన్ బోధించినందుకు ఏళ్ల తరబడి జైల్లో ఉన్న మనిషని కూడా చెప్పండి. చావు గురించిన మాటలున్నాయి కాబట్టి, మనసు కుంగి ఉన్న పిల్లలకు దీన్ని ఒంటరిగా చదవమని ఇవ్వకండి, పక్కన కూర్చుని చదవండి.

కొర్రీ టెన్ బూమ్ సొంత కథ కూడా పదిహేనేళ్ల తర్వాతే. యూదులను దాచినందుకు పట్టుబడ్డాక, నాజీల రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరంలో ఆమె అక్క బెట్సీ 1944 డిసెంబరులో చనిపోయింది. యుద్ధం అయ్యాక, 1947లో, ఆ శిబిరపు కాపలావాడొకడు కొర్రీ ప్రసంగం విని, దగ్గరికొచ్చి క్షమించమని చెయ్యి చాచాడు. ఆమె చెయ్యి లేవలేదు. నాకు చేతకావడం లేదు ప్రభువా, చెయ్యి మాత్రం ఎత్తగలను, మిగతాది నువ్వే ఇవ్వు అన్న అర్థంలో లోపలే ప్రార్థన చేసి చెయ్యి చాచింది. ఎవరినైనా క్షమించలేక నలిగిపోతున్న పిల్లలకు "క్షమించాలి" అని చెప్పే వంద పుస్తకాల కన్నా లేవని ఆ చెయ్యి ఎక్కువ సాయం చేస్తుంది.

9. చదివింది చేతల్లోకి

పుస్తకం అయ్యాక ఒకే ఒక్క పని. పిల్లలే ఎంచుకోవాలి, ఆ వారంలో అయిపోయేంత చిన్నదై ఉండాలి. తీసుకున్న వస్తువు తిరిగి ఇవ్వడం, మాట్లాడటం మానేసిన స్నేహితురాలిని పలకరించడం, ఒంటరిగా ఉండే పెద్దావిడ దగ్గర అరగంట కూర్చోవడం. చేశాక అందరి ముందూ పొగడకండి, సాక్ష్యం చెప్పించకండి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనక్కరలేదని యేసు చెప్పింది పిల్లలకు కూడా వర్తిస్తుంది.

10. చదవడమే ఇష్టం లేని పిల్లలుంటే

బలవంతం వద్దు. శిక్షగా బైబిలు అధ్యాయం చదివించడం, వచనాలు రాయించడం అసలే వద్దు. వాక్యం శిక్షగా మారిపోతే ఆ చేదు ఏళ్ల తరబడి నాలుక మీదే ఉంటుంది. ఆడియో పుస్తకం వినిపించండి, బొమ్మల కథల రూపంలో ఉన్నవి ఇవ్వండి, లేదా చిన్న తమ్ముడికో చెల్లెలికో చదివి వినిపించే పని అప్పజెప్పండి. తనకోసం చదవని పిల్లవాడు తమ్ముడి కోసం చదువుతాడు. అక్షరాలు తడబడుతున్నాయా, కళ్లు సరిగా కనిపిస్తున్నాయా అన్నది కూడా ఒకసారి చూపించుకోండి. బద్ధకం అని మనం తిట్టేది చాలాసార్లు బద్ధకం కాదు.

చదివిన పుస్తకాన్నే నాలుగోసారి అడిగితే విసుక్కోకండి, వాళ్లకు అందులో ఇంకా ఏదో కావాలి. పుస్తకం లోపలి అట్ట మీద పిల్లల పేరు, తేదీ, కలిసి చదివినవాళ్ల పేర్లు రాయండి. కింద కాస్త ఖాళీ వదలండి. మళ్లీ చదివినప్పుడు అక్కడే ఇంకో తేదీ వేయొచ్చు.